రెండో తుమ్ము

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహా ప్రయాణ గాథ. ఇందులో పట్టుదల గల ఒక యువతి ఉంది. ఆమె దారికి అడ్డంగా కూర్చున్న ఒక వృద్ధ పాలకుడు ఉన్నాడు. ఎర్రటి కొండల మధ్య ఒక ఇరుకు దారి ఉంది. ఒక్క శబ్దంతో అంతా తలకిందులు చేయగల భయంకర శక్తి ఒకటి ఆ దారి చివర పొంచి ఉంది.

ఇక నిజం చెప్పేస్తాను. యువతి మా మేనత్త. పాలకుడు మా తాత. ఎర్రటి కొండలు మిర్చి బస్తాలు. ప్రయాణం సంగారెడ్డి పాత బజారులో మా ఇంటి వెనక గది నుంచి ముందు గడప దాకా, మొత్తం పద్దెనిమిది అడుగులు. భయంకర శక్తి నా ముక్కు.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా అమ్మాయి. మొన్న కొత్త ఉద్యోగంలో చేరడానికి పొద్దున్నే బయలుదేరుతుంటే సరిగ్గా తలుపు దగ్గర నేను తుమ్మాను. ఆమె చెవిలోని వైరు కూడా తీయకుండా "బ్లెస్ యూ అమ్మా" అని లిఫ్టు ఎక్కేసింది. మా ఇంట్లో ఒక తుమ్ముకు ఎడ్లబండ్లు ఆగేవి. ఇప్పుడు అదే తుమ్ముకు దీవెనలు దొరుకుతున్నాయి. లిఫ్టు తలుపు మూసుకున్నాక కూడా నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను, ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తారేమో అన్నట్టు.

మాది ఎండుమిర్చి వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో బస్తాలు. అంగడి రోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్ల మీద వచ్చిన సరుకును నిలువెత్తు పేర్చేవారు. ఇంట్లోంచి ఎవరు బయటికి పోవాలన్నా ఆ బస్తాల మధ్య సందులోంచి నడిచి, గద్దె మీద కూర్చున్న తాత ముందు నుంచి గడప దాటాలి. ఘాటు మా బట్టలకు పట్టేది, పుస్తకాలకు పట్టేది, పండుగనాడు నాయనమ్మ వండే పరమాన్నానికి కూడా పట్టేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్లకు ఏడాదంతా జలుబేనని వాళ్లమ్మ డాక్టరుకు చూపించి మందులు వాడించింది. ఆ పిల్లకు జలుబు లేదు. పక్కన నేనున్నాను.

ఇలాంటి ఇంటికి యజమాని అయిన తాతకు ఒక నమ్మకం ఉండేది. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆ పని చెడుతుంది. పోస్టాఫీసు నడుపుతూ ఉత్తరాలంటే భయపడే మనిషిని ఊహించుకోండి, మా తాత కనిపిస్తాడు.

ఆయన దగ్గర దీనికి పూర్తి చట్టం ఉండేది. ఒంటి తుమ్ము చెడ్డది. అదే మనిషి వెంటనే రెండోసారి తుమ్మితే జంట తుమ్ము, అది మంచిది, మొదటిది చెడగొట్టినదాన్ని రెండోది బాగుచేస్తుంది. ఒంటి తుమ్ము పడితే బయలుదేరినవాళ్లు కూర్చోవాలి, చెంబు నీళ్లు తాగాలి, ఊదుబత్తి సగం కాలేదాకా ఆగాలి. అప్పుడు మళ్లీ మొదటి నుంచి బయలుదేరాలి. మళ్లీ బయలుదేరేటప్పుడు మళ్లీ అవే బస్తాలు. మా వాళ్లు పెళ్లికి పోతే అప్పగింతల వేళకు చేరేవారు. ఒకసారి సదాశివపేటలో ఎవరో పోయారని బయలుదేరి మూడో దినం కార్యానికి చేరారు. దానికే వచ్చారనుకుని అక్కడివాళ్లు మెచ్చుకున్నారట.

మిర్చి ఘాటుకు వచ్చే తుమ్ము లెక్కలోకి రాదు కదా అని పక్క దుకాణం ఆయన ఒకసారి అడిగాడు. తాత గద్దె మీద నుంచి కదలకుండా జవాబిచ్చాడు.

"మనకు అన్నం పెడ్తున్నదే మిర్చి. అది పోవద్దు అంటున్నదంటె ఇనాలె గద."

ఆయన దృష్టిలో పని ఎలా నడిచిందన్నది తరవాతి సంగతి. ఎలా మొదలైందన్నదే అసలు పని. మొదలు చక్కగా ఉంటే మిగిలింది అదే నడుచుకుంటూ పోతుందనేవాడు. వినడానికి బాగానే ఉంటుంది. మా ఇంట్లో మిగిలింది నడవడానికి ముందు మొదలు కావడమే గగనంగా ఉండేది.

ఈ చట్టం వల్ల ఆ ఇంట్లో అందరికంటే బలవంతురాలిని నేనయ్యాను. అప్పుడు నాకు పదేళ్లు. బడికి పోబుద్ధి కాని రోజు తుమ్మేదాన్ని. సూది వేయించడానికి నన్ను దవాఖానకు తీసుకుపోతామంటే తుమ్మేదాన్ని. బిస్కెట్లు తెచ్చే చుట్టం ఒకాయన వెళ్తానని లేస్తే మూడుసార్లు విడివిడిగా తుమ్మి పొద్దున పోవలసిన మనిషిని పొద్దుగూకేదాకా కూర్చోబెట్టాను. పాపం ఆయనకు నీళ్లు తాగీ తాగీ కడుపు ఉబ్బింది. నాయనమ్మకు అనుమానం వచ్చి ఒకసారి చెవి మెలిపెట్టి, నా ముక్కుకు తాళం వేయించాలని అంది. తాతకు మాత్రం అనుమానం రాలేదు. ఆయనకు శకునాన్ని అనుమానించే అలవాటు లేదు.

దొంగ తుమ్ము తుమ్మడం అంత తేలిక కాదు. శబ్దం ఎవరైనా చేస్తారు. కష్టమంతా శబ్దానికి ముందు ఉంటుంది. నిజం తుమ్ము వచ్చేముందు ఎంత పెద్దమనిషి మొహమైనా తెలివితక్కువగా అయిపోతుంది. కళ్లు ఎటో పోతాయి, నోరు సగం తెరుచుకుంటుంది, పేరు అడిగినా చెప్పలేడు. దొంగ తుమ్ముకు ముందు మొహం తెలివిగానే ఉంటుంది. అద్దం ముందు ఎన్నో రోజులు సాధన చేసి ఆ తెలివితక్కువ మొహాన్ని నేను సాధించాను. అది నాకు పెద్ద కష్టం కాలేదని మా అమ్మ అనేది.

ఇక మా అత్త. నాయిన చెల్లెలు. పెళ్లయి అత్తగారింటికి పోయిన ఏడాదిన్నరకే ఒక ఇనప పెట్టెతో తిరిగొచ్చింది. ఎందుకో పిల్లలకు చెప్పలేదు. చెప్పకపోయినా పిల్లలకు తెలుసు. అత్త భర్తకు అప్పటికే ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లు ఉంది. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు. వచ్చినప్పటి నుంచి అత్త వెనక గదిలో కూర్చుని మిర్చి తొడిమలు తీసేది. పొద్దున కుప్ప ముందు కూర్చుంటే సాయంత్రానికి వేళ్లు మండేవి, రాత్రి పెరుగులో ముంచుకునేది. ఆ ఇంట్లో ఎన్నడూ తుమ్మని మనిషి ఆమె ఒక్కతే. అంత ఘాటు మధ్య కూర్చుని కూడా ఆమె ముక్కు చలించేది కాదు. అది గొప్ప అని అప్పుడు అనుకునేదాన్ని.

ఆ రోజుల్లో పటాన్‌చెరు వైపు తుమ్మ చెట్ల మధ్య కొత్త పొగగొట్టాలు లేస్తున్నాయి. అక్కడ మందుల ఫ్యాక్టరీలో పదో తరగతి చదివిన ఆడవాళ్లను ప్యాకింగు పనికి తీసుకుంటున్నారని అత్తకు ఆమెతో చదువుకున్న పంతులుగారి అమ్మాయి చెప్పింది. అత్త ఎవరికీ చెప్పకుండా కాగితం పంపింది. ఫలానా రోజు పొద్దున తొమ్మిదికి గేటు దగ్గరికి రమ్మని జవాబు వచ్చింది. ఆ జవాబు తాత చేతిలో పడింది. నాలుగు రోజులు ఆయన దాన్ని గద్దె కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు.

ఐదో రోజు ఇంట్లో మాటలు లేచాయి. మన ఇళ్లలో ఆడపిల్లలు ఫ్యాక్టరీ బస్సు ఎక్కడమేమిటని తాత, ఇంట్లో కూర్చుని చేసేదేముందని నాయిన, నలుగురూ నవ్వుతారని తాత, ఇప్పుడు మాత్రం ఏడుస్తున్నారా అని నాయనమ్మ. అత్త తలుపు దగ్గర నిలబడి వింది. చివరికి తాత తీర్పు చెప్పాడు.

"నేనొద్దంటె నన్నంటరు. శకునాన్ని అడుగుదాం. ఆనాడు అందరి ముందట గడప దాటని. ఒంటి తుమ్ము పడ్డదా, ఇగ ఈ ముచ్చట ఈ ఇంట్ల మల్ల ఎత్తొద్దు. పడలేదా, పోనియ్యి."

వినడానికి న్యాయంగానే ఉంది. మిర్చి ఇంట్లో ఈ షరతు పెట్టడమంటే వానలో నిలబెట్టి తడవకుంటే పొమ్మనడం. పైగా పిలుపు వచ్చిన రోజు అంగడి మరునాడు. అంటే కొత్త సరుకు ఆ ముందు రోజే దిగుతుంది. బస్తాలను ఒక్క పూట పక్కింటి కొట్టులో పెడదామని నాయిన అడిగితే అది శకునాన్ని మోసం చేయడమని తాత అన్నాడు. పోనీ నన్నైనా ఎక్కడికైనా పంపిద్దామని అమ్మ అడిగింది. ఇంటిల్లిపాదీ ఉండాల్సిందేనన్నాడు. అలా అంటూ నా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి నా ముక్కును ఒక పెద్దమనిషి నమ్ముకున్నాడు.

ముందు రోజు సాయంత్రం అత్త పక్కన కూర్చుని నేను కూడా తొడిమలు తీశాను. ముందు గదిలో కొత్త బస్తాలు దించుతున్న చప్పుడు వినపడుతోంది. ఒక్కో బస్తా పడ్డప్పుడల్లా గాలిలోకి ఎర్రటి దుమ్ము లేస్తోంది. ఫ్యాక్టరీలో ఏం చేయాలని అడిగాను. గోళీలు డబ్బాల్లో పెట్టాలట అంది. ఇక్కడ తొడిమలు తీస్తావు, అక్కడ గోళీలు పెడతావు, రెండింటికీ తేడా ఏముందని అడిగాను. అప్పుడు నాకు ఇలాంటి ప్రశ్నలు చాలా తెలివైనవిగా అనిపించేవి.

అత్త చేతిలోని మిర్చిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆడికి పోవాలంటె గడప దాటాలె. గదే ఫరక్," అంది.

కాసేపటికి నా వైపు చూడకుండా ఇంకో మాట అంది. "రేపు జెర తుమ్మకు బిడ్డా."

నేను చాలా తుమ్ములు తుమ్మాను. తుమ్మవద్దని నన్ను ఎవరూ అడగలేదు. కొట్టారు, తిట్టారు, అంతే. అడగడం ఇంత బరువుగా ఉంటుందని తెలియదు. ఆ రాత్రి పడుకుంటే ముక్కు ఒక్కటే మెలకువగా ఉన్నట్టనిపించింది.

పొద్దున ఇల్లంతా యుద్ధానికి సిద్ధమైంది. అమ్మ నేల మీద నీళ్లు చల్లింది. నాయిన బస్తాల మీద తడి చీరలు కప్పాడు. నాయనమ్మ గిన్నెలో నెయ్యి కరిగించి ఒక్కొక్కరి ముక్కుల్లో రాసింది. ఐదుగురి ముక్కులు నిగనిగలాడుతున్నాయి. తాత ముక్కుకు మాత్రం నెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నా నోట్లో నిమ్మకాయంత బెల్లం ముద్ద కూడా కుక్కారు. అత్త పెరుగన్నం మామిడి తొక్కుతో రెండు ముద్దలు తిని లేచింది. నీలం చీర కట్టుకుంది. చేతిలో టిఫిన్ డబ్బా, సంచిలో కాగితాలు. దుమ్ము లేవకుండా చెప్పులు కూడా చేత్తో పట్టుకుంది. ఏడు గంటల బస్సు పోతే మళ్లీ తొమ్మిది దాకా లేదు.

నాయిన, అమ్మ, నాయనమ్మ, నేను గద్దె పక్కన వరసగా నిలబడ్డాం. తాత గద్దె మీద. గోడ గడియారంలో ఆరున్నర దాటింది.

అత్త నడిచింది. ఒకటి, రెండు, మూడు. ఆమె అడుగులను నేను లెక్కపెడుతున్నాను. ఆరో అడుగు దగ్గర నా ముక్కులో చీమ ఒకటి నడక మొదలుపెట్టింది. నాలుకను అంగిటికి నొక్కాను. ఎనిమిది. చీమ పైకి ఎక్కుతోంది. పై పెదవిని వేలితో అదిమాను. అమ్మ అది చూసి కళ్లు మూసుకుంది. పదకొండో అడుగు దగ్గర అత్త భుజం తగిలి ఒక తడి చీర జారింది, దాని కింద నుంచి దుమ్ము పొగలాగా లేచింది. నాయిన గొంతులో ఏదో శబ్దం వచ్చి అక్కడే ఆగిపోయింది. నాయనమ్మ మొహం ఎర్రబడింది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అత్త నన్ను చూసింది. బతిమాలినట్టు కాదు, ఊరికే చూసింది. నేను బెల్లం ముద్దను మొత్తం మింగేశాను. గొంతులో అది ఇరుక్కుంది, ఊపిరి ఆగింది, దాంతో తుమ్ము కూడా ఆగింది. ఎవరైనా తుమ్ము ఆపుకోవాలంటే ఈ పద్ధతి పనిచేస్తుంది, కాకపోతే చావడానికి కూడా పనిచేస్తుంది.

పదిహేడు. అత్త గడప ముందు నిలబడింది. చెప్పులు కింద పెట్టింది. కుడికాలు లేపింది.

తాత తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. స్పష్టంగా, గుండ్రంగా, బజారంతా వినపడేలా.

అందరూ నేల చూశారు. నేను తాత మొహం చూస్తున్నాను, ఎందుకంటే తుమ్ముకు ముందు నుంచే చూస్తున్నాను. ఆ మొహం తుమ్ముకు ముందు చాలా తెలివిగా ఉంది. కళ్లు ఎటూ పోలేదు, నోరు ముందుగా తెరుచుకోలేదు. అది దొంగ తుమ్ము. ఈ విద్యలో నాకంటే పెద్దవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నేను తప్పు చెప్పను. తాత తల తిప్పి నన్ను చూశాడు. నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది. ఇద్దరం ఒకేసారి చూపు తిప్పుకున్నాం.

చెప్పేద్దామా అనుకున్నాను. నోరు తెరిస్తే బెల్లం అడ్డం వచ్చింది. ఒకవేళ రాకపోయినా, దొంగ తుమ్ములకు చెవి మెలిపెట్టించుకున్న పిల్ల తాతది దొంగ తుమ్మని అంటే నమ్మేదెవరు?

అత్త లేపిన కాలు దించింది. చట్టం ప్రకారం పక్కనున్న బస్తా మీద కూర్చుంది. నాయనమ్మ చెంబు అందిస్తే నీళ్లు తాగింది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. నాయిన గడియారం చూశాడు. నీళ్లు తాగడం అయ్యాక ఆమె చెంబు నాయనమ్మకు తిరిగిచ్చి, మామూలు గొంతుతో, తొడిమలు తీస్తూ మాట్లాడినట్టు అంది:

"నన్ను అత్తగారింటికి తోలిననాడు ఒక్కలు గూడ తుమ్మలే బాపు."

అది నిజం. ఆ రోజు నాకూ గుర్తుంది. మూడు రోజుల ముందే తాత మిర్చినంతా వేరే వాళ్ల కొట్టుకు తరలించాడు. దుకాణం రెండుసార్లు కడిగించాడు. నన్ను, జలుబు చేసిన ఇంకో ముగ్గురు పిల్లలను పెరట్లో బావి దగ్గర కూర్చోబెట్టించాడు. చెప్పిన నిమిషానికి, చెప్పిన కాలితో, చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా లేకుండా అత్త ఈ గడపే దాటింది. మా ఇంటి చరిత్రలో అంత చక్కటి మొదలు ఇంకొకటి లేదు. తాత దాని గురించి నెలల తరబడి చెప్పుకున్నాడు. పెట్టె తిరిగొచ్చాక చెప్పుకోవడం మానేశాడు.

తాత గద్దె పక్కన మూతి విప్పి ఉన్న బస్తాలోకి చెయ్యి పెట్టాడు. ఒక మిర్చి తీశాడు. ఆయన మిర్చిని చూడకుండానే రకం చెప్పగలడు, ఆ రోజు మాత్రం దాన్ని కొత్తగా చూసినట్టు చూశాడు. మధ్యకు విరిచాడు. గింజలు పంచె మీద రాలాయి. రెండు ముక్కలనూ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

మొదట ఏమీ కాలేదు. తరవాత ఆయన మొహం మారడం మొదలైంది. కనుబొమలు లేచాయి, కళ్లు ఎటో పోయాయి, నోరు సగం తెరుచుకుంది. మా తాత మొహం అంత తెలివితక్కువగా నేనెన్నడూ చూడలేదు. అంత నచ్చింది కూడా ఎన్నడూ లేదు.

తుమ్మాడు.

"రెండు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "జంట. ఇగ పో."

అత్త లేచింది. చెప్పులు వేసుకుంది. గడప దాటింది. ఏ కాలు ముందు పెట్టిందో ఎవరూ చూడలేదు. చూసే స్థితిలో ఎవరూ లేరు, ఎందుకంటే విరిచిన మిర్చి రెండు తుమ్ములకు ఆగదు. తాత మూడోది తుమ్మాడు, నాలుగోది తుమ్మాడు, పంచె దులపబోయి గింజల దుమ్మును మా అందరి మీదికీ వదిలాడు. అక్కడి నుంచి ఎవరివి ఎవరివో తెలియలేదు. నాయిన తుమ్మాడు, అమ్మ తుమ్మింది, నాయనమ్మ తుమ్మినప్పుడు చేతిలోని చెంబు ఎగిరిపడింది. పొద్దున్నుంచి దాచుకున్నదంతా నేను ఒక్కసారి వదిలితే బెల్లం కూడా బయటికొచ్చింది. బజారులో పోయేవాళ్లు ఆగి మమ్మల్ని చూశారు. ఐదుగురం ఒకరినొకరు పట్టుకుని తుమ్ముతున్నాం, ఏడుస్తున్నామో నవ్వుతున్నామో చూసేవాళ్లకు తెలిసే వీలు లేదు. నీలం చీర సందు మలుపు తిరిగేదాకా తాత అటే చూస్తూ తుమ్మాడు.

తాతవి మొత్తం తొమ్మిదని అమ్మ, పదని నాయనమ్మ. తొమ్మిదైతే చివరిది ఒంటిగా మిగిలి చెడు, పదైతే అన్నీ జంటలై మంచి. ఈ వాదం ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నడిచింది. గడప దాటినాక వచ్చినవి లెక్కలోకి రావని తాత కొత్త చట్టం చేశాడు, అయినా ఆగలేదు.

ఆ సాయంత్రం ఆయన నన్ను గద్దె దగ్గరికి పిలిచాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, "పొద్దున నువ్వేమన్న సూసినవా?" అని అడిగాడు. లేదన్నాను. నా చేతిలో ఒక పెద్ద బెల్లం ముక్క పెట్టాడు. బెల్లమంటే అప్పటికే నాకు విరక్తి వచ్చింది, అయినా తీసుకున్నాను. మరునాటి నుంచి నేను తుమ్మితే ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి, "బడికి నడువు" అనేవాడు. ఒకే వృత్తిలో ఉన్న ఇద్దరి మధ్య ఇక వ్యాపారం సాగదు.

అత్త ఆ ఫ్యాక్టరీలోనే తల నెరిసేదాకా పనిచేసింది. మొదట బస్సులో పోయి వచ్చేది, తరవాత పటాన్‌చెరులో గది కిరాయికి తీసుకుంది, చివరికి చిట్కుల్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. తాత పోయాడు, మిర్చి పోయింది, దుకాణం ఉన్నచోట ఇప్పుడు రోడ్డు ఉంది. మా ఇంటి గడప సరిగ్గా ఎక్కడుండేదో చూపించమంటే బస్సులు పోయే చోట నిలబడి చూపించాలి.

అమ్మాయి ఉద్యోగంలో చేరిన మరుసటి ఆదివారం అత్తను చూడ్డానికి వెళ్లాను. ఇన్నేళ్లలో అడగని ప్రశ్న ఒకటి అడిగాను. ఒక మనిషి జీవితం ఎక్కడ మొదలైందో నేను కళ్లారా చూశాను, ఆ రెండో తుమ్ము రాకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, మరి అంత కష్టపడి పోయావు కదా, ఆ రోజు అక్కడ నిన్ను ఏమడిగారు అని.

అత్త చాయ్ ఊదుకుంటూ చెప్పింది.

"ఏమడుగుతరు? ముప్పై మంది కావాలన్నరు, పదకొండు మందిమి వచ్చినం. పేర్లు రాసుకొని అందర్ని తీసుకున్నరు. తక్కువపడ్డోళ్ల కోసమని ఇంకో నెల దాక గేటు కాడ బోర్డు పెట్టే ఉంచిన్రు."